లోపలికి వెళ్లని కొలెస్ట్రాల్

(డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, కొందరు నర్సులు హాజరైన సభలో ఒక బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో నలభై దాటినవాళ్లు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు లిపిడ్ ప్రొఫైల్ చేయించుకునే ఉంటారు. రిపోర్టులో ఎల్‌డీఎల్ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకెళ్లే రేణువులు) పక్కన అంకె కాస్త ఎక్కువ కనిపించగానే ఇంట్లో మొదట వచ్చే మాట "నూనె తగ్గించు, మాంసం మానెయ్" అని. రక్తంలో కొవ్వు పెరిగిందంటే తప్పు నోటి దగ్గరే జరిగిందని మన లెక్క. ఆ లెక్కలో సగమే ఉంది. మిగతా సగం చెప్పడానికే నేను వచ్చాను. రక్తంలో కొలెస్ట్రాల్ ఎంత ఉంటుందన్నది అందులోకి ఎంత వచ్చి చేరుతోంది అనేదాని మీద మాత్రమే కాదు, అందులోంచి కణాలు ఎంత తీసేసుకుంటున్నాయి అనేదాని మీద కూడా ఆధారపడుతుంది. మొదటిదాని గురించి అందరం మాట్లాడతాం. రెండోదాన్ని దాదాపు ఎవరూ తలవరు. ఆరేళ్ల పిల్లకి గుండెపోటు వచ్చిందంటే అది తిండి వల్ల రాదు. కణాలు తీసుకోలేకపోవడం వల్ల వస్తుంది. అలాంటి పిల్లలు నిజంగా ఉన్నారు. వాళ్ల చర్మం నుంచి తీసిన కణాలే ఈ కథంతా మనకు చెప్పాయి.

ముందు కణం సంగతి. కణం చుట్టూ ఉండే కణత్వచం కొవ్వు అణువుల రెండు వరసలు. ఆక్సిజన్ లాంటి చిన్న అణువులు దాన్ని నేరుగా దాటిపోతాయి. గ్లూకోజ్, సోడియం, పొటాషియం లాంటివాటికి ప్రోటీన్లతో కట్టిన దారులున్నాయి. ఇంతవరకు ఇంటర్ పుస్తకంలో చదివిందే. మరి ఒక పెద్ద ప్రోటీన్ లోపలికి రావాలంటే? ఒక బాక్టీరియా? ఆ దారుల్లో అవి పట్టవు. అప్పుడు పొరే కదులుతుంది. ఒకచోట లోపలికి గుంట పడుతుంది. బయటి పదార్థం ఆ గుంటలోకి చేరుతుంది. గుంట అంచులు దగ్గరపడి, మెడ తెగి, చిన్న సంచిలా కణంలోకి వచ్చేస్తుంది. దీన్నే ఎండోసైటోసిస్ అంటారు. 1963లో ఈ పేరు పెట్టినవారు బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్. అలా లోపలికి వచ్చినవాటిని జీర్ణం చేసే లైసోజోమ్‌లను కనిపెట్టింది కూడా ఆయనే.

కణం ఇలా మింగగలదని మనుషులు గుర్తించి చాలా కాలమైంది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప పిల్లల్లోకి గులాబీ ముళ్లు గుచ్చి మర్నాడు మైక్రోస్కోపులో చూశాడు. ముల్లు చుట్టూ కదిలే కణాలు గుమిగూడి ఉన్నాయి. శరీరంలోకి చొరబడినదాన్ని కణాలు చుట్టుముట్టి మింగుతాయని ఆయన వాదించాడు. 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. మన తెల్ల రక్తకణాలు బాక్టీరియాను మింగడం ఈ కోవదే. 1931లో అమెరికాలో వారెన్ లూయిస్, కణాలు చుట్టూ ఉన్న ద్రవాన్ని కూడా బొట్లు బొట్లుగా తాగుతాయని సినిమా తీసి చూపించాడు. కానీ ఈ రెండింట్లోనూ ఒక ప్రశ్న తేలలేదు. చుట్టూ వేల రకాల ప్రోటీన్లు తేలుతుంటే, కణం తనకు కావలసిన ఒక్కదాన్ని ఎలా ఏరుకుంటుంది?

దీనికి మొదటి మంచి ఆనవాలు దోమలో దొరికింది. అది కూడా మన ఇళ్లలో డెంగీ అంటించే ఏడిస్ ఈజిప్టై దోమ. ఆడదోమ రక్తం తాగాక గుడ్లు పెడుతుంది కదా. గుడ్డులోకి పచ్చసొన ప్రోటీన్ గబగబా చేరాలి. 1964లో హార్వర్డ్‌లో థామస్ రాత్, కీత్ పోర్టర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆ అండకణాల అంచులు చూశారు. కణత్వచం మీద చిన్న చిన్న గుంటలున్నాయి. గుంట లోపలి వైపు పొరకు గరుకైన పూత ఉంది. రక్తం తాగిన ఏడు గంటలకల్లా ఆ గుంటల సంఖ్య పదిహేను రెట్లు పెరిగి, ఒక్కో అండకణానికి సుమారు మూడు లక్షలైంది. ఏరుకునే పని ఈ పూత పూసిన గుంటల్లోనే జరుగుతుండాలని వాళ్లు రాశారు. ఒక దోమ గుడ్డు మీద చేసిన ఈ పని పదేళ్ల తర్వాత మనిషి గుండె జబ్బును అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుందని అప్పుడు ఎవరూ అనుకొని ఉండరు. విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి. "దోమ గుడ్డు చూసి ఏం లాభం" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

ఆ పూత ఏమిటో 1975, 76 సంవత్సరాల్లో కేంబ్రిడ్జిలో బార్బరా పియర్స్ తేల్చింది. పంది మెదడు నుంచి ఆ సంచులను విడదీసి, పూతలో ప్రధానంగా ఒకే ప్రోటీన్ ఉందని చూపించి, దానికి క్లాథ్రిన్ అని పేరు పెట్టింది. మూడు కాళ్లున్న ఈ అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఐదు భుజాల గళ్లు, ఆరు భుజాల గళ్లు కలిసిన జాలీ అల్లుతాయి. జాలీ గుండ్రమయ్యేకొద్దీ పొర గుంట పడుతుంది. చివర్లో మెడను తెంచేది డైనమిన్ అనే మరో ప్రోటీన్. దీని కథ ఈగల్లో మొదలైంది. 1970లలో దొరికిన ఒక రకం పండ్ల ఈగలు 29 డిగ్రీల వేడికి చచ్చుబడి పడిపోయేవి, చల్లబరిస్తే మళ్లీ లేచి తిరిగేవి. వాటి నాడి చివరల్లో గుంటలు పడుతున్నాయి కానీ మెడ తెగడం లేదు. అందుకని నరం నుంచి కండకు సంకేతం పంపే సంచులు అయిపోయి, ఈగ పడిపోతోంది. చెడిన జన్యువు డైనమిన్‌దేనని 1991లో తెలిసింది. క్లాథ్రిన్ లేకుండా జరిగే దారులు కూడా ఉన్నాయి. వాటిలో ఒక ముఖ్యమైన దారిని బెంగళూరులో సత్యజిత్ మేయర్ బృందం వెలికితీసింది. ఈరోజు మాత్రం క్లాథ్రిన్ దారిలోనే ఉందాం, ఎందుకంటే కొలెస్ట్రాల్ వెళ్లేది అటే.

ఇక ఆ పిల్లల దగ్గరికి వద్దాం.

1960ల చివర్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జోసెఫ్ గోల్డ్‌స్టీన్, మైకేల్ బ్రౌన్ అనే ఇద్దరు యువ డాక్టర్లు పనిచేస్తున్నారు. అక్కడ చికిత్సలో ఇద్దరు తోబుట్టువులున్నారు. పాపకు ఆరేళ్లు, బాబుకు ఎనిమిదేళ్లు. ఇద్దరికీ పుట్టినప్పటి నుంచీ రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గుండె జబ్బు అప్పటికే వచ్చేసింది. ఈ జబ్బు పేరు ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరోలీమియా, డాక్టర్లు క్లుప్తంగా ఎఫ్‌హెచ్ అంటారు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చే రెండు జన్యువుల్లో ఒకటి చెడితే నడివయసులోనే గుండెపోటు. రెండూ చెడితే చిన్నతనంలోనే. ఈ తేడాను 1964లో బీరూట్‌లో అవెడిస్ ఖచదూరియన్ లెబనాన్ కుటుంబాలను చూసి స్పష్టంగా చెప్పాడు. బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే కుటుంబాలవి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

గోల్డ్‌స్టీన్, బ్రౌన్ తర్వాత టెక్సాస్‌లోని డాలస్‌కు వెళ్లి కలిసి పని మొదలుపెట్టారు. వాళ్ల ప్రయోగం ఎంత సూటిగా ఉంటుందో చూడండి. మామూలు మనిషి చర్మం నుంచి చిన్న ముక్క తీసి ఆ కణాలను పాత్రలో పెంచారు. మన కణాలు కొలెస్ట్రాల్‌ను సొంతంగా తయారుచేసుకోగలవు. ఆ తయారీని అదుపు చేసే ఎంజైమ్ పేరు హెచ్ఎంజీ కోఏ రిడక్టేజ్. కణాలకు ఎల్‌డీఎల్ అందకుండా చేస్తే ఆ ఎంజైమ్ పని బాగా పెరిగింది. ఎల్‌డీఎల్ మళ్లీ వేస్తే కొద్ది గంటల్లో పడిపోయింది. బయట దొరుకుతుంటే సొంతంగా తయారుచేయడం ఆపేస్తోందన్నమాట. బాగుంది. ఇప్పుడు అదే ప్రయోగం ఎఫ్‌హెచ్ రోగుల కణాలతో చేశారు. ఎంజైమ్ ఎప్పుడూ పూర్తి జోరులోనే ఉంది. ఎల్‌డీఎల్ ఎంత పోసినా తగ్గలేదు.

దీనికి వెంటనే తోచే వివరణ, ఎంజైమ్ చెడిపోయింది, ఆగమన్నా ఆగడం లేదు అని. వాళ్లకూ మొదట అదే తోచింది. అయితే కొలెస్ట్రాల్‌ను ఎల్‌డీఎల్ రూపంలో కాకుండా ఆల్కహాల్‌లో కరిగించి వేసి చూశారు. అలా వేస్తే కొలెస్ట్రాల్ పొరను తనంతట తానే దాటి లోపలికి పోతుంది. వేయగానే రోగి కణాల్లో కూడా ఎంజైమ్ ఆగిపోయింది. ఎంజైమ్‌లో ఏ లోపమూ లేదు. లోపలికి కొలెస్ట్రాల్ వస్తే ఆ కణం సరిగ్గానే స్పందిస్తోంది. ఎల్‌డీఎల్ లోపలికి రావడం లేదు, అంతే. నాకు ఈ ఒక్క ప్రయోగం అంటే చాలా ఇష్టం. ఏళ్ల తరబడి క్లాసులో చెబుతున్నా చెప్పిన ప్రతిసారీ సంతోషమే. ఆల్కహాల్ చుక్కతో చేసిన ఒక్క పరీక్ష జబ్బు చిరునామాను కణం మధ్యలోంచి కణం అంచుకు మార్చేసింది.

తర్వాత ఎల్‌డీఎల్‌కు రేడియోధార్మిక అయోడిన్ తగిలించి చూశారు. మామూలు కణాల మీద అది గట్టిగా అతుక్కుంది. రెండు జన్యువులూ చెడిన రోగుల కణాల మీద అతుక్కోలేదు. అంటే కణత్వచం మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే ప్రోటీన్, అంటే రిసెప్టర్, ఒకటుంది. అది రోగుల్లో లేదు. 1973, 74లో తేలిన విషయం ఇది. మరో చిన్న సంగతి కూడా వాళ్లకు బాగా ఉపయోగపడింది. నాలుగు డిగ్రీల చలిలో ఎల్‌డీఎల్ అతుక్కుంటుంది కానీ లోపలికి పోదు. పొర కదలదు. 37 డిగ్రీలకు వేడి చేస్తే నిమిషాల్లో లోపలికి వెళ్లిపోతుంది. పట్టుకోవడం వేరు, లోపలికి తీసుకోవడం వేరు అని ఇక్కడ విడిగా చూడొచ్చు.

ఆ తేడా ఒక రోగిలో కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ అబ్బాయి కణాలు ఎల్‌డీఎల్‌ను పట్టుకుంటున్నాయి. కానీ 37 డిగ్రీలకు తెచ్చినా అది లోపలికి పోవడం లేదు. రిచర్డ్ ఆండర్సన్‌తో కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే కారణం దొరికింది. మామూలు కణాల్లో పూత పూసిన గుంటలు కణ ఉపరితలంలో రెండు శాతమే ఉంటాయి, కానీ రిసెప్టర్లలో సగానికి పైగా ఆ రెండు శాతంలోనే గుమిగూడతాయి. ఈ అబ్బాయి రిసెప్టర్లు గుంటల్లోకి చేరకుండా పొరంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. దోమ గుడ్డు మీద కనిపించిన గుంటలే ఇవి. 1986లో ఆ జన్యువును చదివితే, 839 అమైనో ఆమ్లాల గొలుసులో 807వ చోట టైరోసిన్ ఉండాల్సింది సిస్టీన్ ఉంది. అది కణం లోపలి వైపు ఉండే చిన్న తోక. లోపలి ప్రోటీన్లు రిసెప్టర్‌ను గుర్తుపట్టి గుంటలోకి లాగేది ఆ తోకను బట్టే. ఒక్క అమైనో ఆమ్లం మారితే ఎల్‌డీఎల్ అంచు మీదే ఉండిపోతుంది.

లోపలికి వెళ్లాక ఏమవుతుందో చెబుతాను. ఎల్‌డీఎల్ రేణువు సుమారు 22 నానోమీటర్లు. దాని కడుపులో దాదాపు 1,500 కొలెస్ట్రాల్ ఎస్టర్ (కొవ్వు ఆమ్లంతో జతకట్టిన కొలెస్ట్రాల్) అణువులుంటాయి. సంచి లోపలికి వచ్చిన కాసేపటికి క్లాథ్రిన్ జాలీ విడిపోతుంది. సంచి లోపల ఆమ్లత్వం పెరుగుతుంది. ఆ ఆమ్లంలో రిసెప్టర్ తన పట్టు వదిలేస్తుంది. ఎల్‌డీఎల్ లైసోజోమ్‌కు పోయి విడిపోతుంది, కొలెస్ట్రాల్ కణానికి అందుతుంది. రిసెప్టర్ మాత్రం మళ్లీ పైకి వస్తుంది. నదికి ఈ ఒడ్డున జనాన్ని ఎక్కించుకుని, ఆ ఒడ్డున దింపి, ఖాళీగా వెనక్కి వచ్చే బల్లకట్టు లాంటిది అది. ఒక్కో రాకపోకకు పది నిమిషాలు. దాని ఆయుష్షు ఇరవై గంటలు అనుకుంటే నూటికి పైగా సార్లు తిరుగుతుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, చివర్లో మందుల దగ్గర కావాలి.

ఇనుము కూడా ఇంచుమించు ఇలాగే వెళ్తుంది. ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ ఇనుమును మోసుకొస్తుంది, రిసెప్టర్ దాన్ని లోపలికి తీసుకుంటుంది, ఆమ్లంలో ఇనుము ఊడిపోతుంది. అక్కడ మాత్రం మోసుకొచ్చిన ప్రోటీన్‌ను అరిగించకుండా రిసెప్టర్‌తో పాటే వెనక్కి పంపేస్తారు. ఎర్ర రక్తకణాలు తయారయ్యేది ఈ ఇనుముతోనే.

మనిషి ఒంట్లో ఎల్‌డీఎల్ రిసెప్టర్లలో ఎక్కువ భాగం కాలేయంలో ఉంటాయి. రక్తంలోని ఎల్‌డీఎల్‌లో దాదాపు మూడింట రెండు వంతులు తీసేసేది కాలేయమే. దీనికి 1984లో పిట్స్‌బర్గ్‌లో ప్రత్యక్ష నిదర్శనం దొరికింది. రెండు జన్యువులూ చెడిన ఆరేళ్ల పాపకు థామస్ స్టార్జ్ల్ బృందం గుండెతో పాటు కాలేయాన్ని కూడా మార్చింది. ఆపరేషన్‌కు ముందు డెసిలీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల పైన ఉన్న కొలెస్ట్రాల్ ఆ తర్వాత మూడు వందల లోపుకు దిగింది. మారింది కాలేయ కణాల మీది రిసెప్టర్లు. మొదట్లో సగం లెక్క అన్నాను చూడండి, మిగతా సగం ఇది.

కాలేయం తీసుకోని ఎల్‌డీఎల్ ఏమవుతుంది? రోజుల తరబడి రక్తంలో తిరుగుతుంది. ధమని గోడలోకి చొరబడుతుంది. అక్కడ రసాయనికంగా పాడవుతుంది. అప్పుడు దాన్ని మాక్రోఫేజ్‌లు మింగుతాయి, మెచ్నికాఫ్ చూసిన ఆ మింగే కణాల వంశమే. ఇక్కడే అసలు ప్రమాదం. కాలేయం మీది ఎల్‌డీఎల్ రిసెప్టర్‌కు అదుపుంది. లోపల చాలినంత కొలెస్ట్రాల్ ఉంటే కణం రిసెప్టర్ల తయారీ తగ్గించేస్తుంది. మాక్రోఫేజ్‌లు పాడైన ఎల్‌డీఎల్‌ను పట్టుకునేది వేరే రిసెప్టర్లతో. ఇది కూడా 1979లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ చూపించిందే. వాటికి ఆ అదుపు లేదు. ఎంత కొలెస్ట్రాల్ చేరినా మింగుతూనే ఉంటాయి. చివరికి కొవ్వు బొట్లతో ఉబ్బి, నురగ కణాలుగా మారి, ధమని గోడలో పేరుకుంటాయి. గుండె ధమనిలో ఇరుకు మొదలయ్యేది అక్కడ. అంటే తీసుకోవలసిన చోట తీసుకోకపోవడం, తీసుకోకూడని చోట హద్దు లేకుండా తీసుకోవడం, రెండూ కలిసి గుండెపోటు.

ఇప్పుడు మందులు. జపాన్‌లో అకిరా ఎండో దాదాపు ఆరు వేల సూక్ష్మజీవులను వెతికి, 1973లో ఒక పెన్సిలియం బూజు నుంచి కొలెస్ట్రాల్ తయారీ ఎంజైమ్‌ను ఆపే పదార్థం తీశాడు. మొదటి స్టాటిన్ అది. అమ్మకానికి వచ్చిన మొదటి స్టాటిన్ లోవాస్టాటిన్, 1987లో. స్టాటిన్ కొలెస్ట్రాల్ తయారీని ఆపుతుంది కాబట్టి రక్తంలో తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ప్రధానంగా జరిగేది వేరు. కాలేయ కణం లోపల కొలెస్ట్రాల్ కాస్త తగ్గగానే అది కొరతను గ్రహించి ఎల్‌డీఎల్ రిసెప్టర్లు ఎక్కువ తయారుచేస్తుంది. ఎక్కువ రిసెప్టర్లు రక్తంలోంచి ఎక్కువ ఎల్‌డీఎల్ లాగేస్తాయి. మీ ఇంట్లో ఎవరైనా రాత్రి పడుకునే ముందు వేసుకునే ఆ చిన్న మాత్ర చేసేది, కణం లోపలికి తీసుకోవడాన్ని పెంచడం. పనిచేసే రిసెప్టర్ ఒక్కటీ లేని రోగికి ఈ మందు పెద్దగా ఉపయోగపడదు, అది కూడా ఇదే కారణం చేత. వాళ్లకు డయాలిసిస్ తరహాలో యంత్రంతో రక్తం నుంచి ఎల్‌డీఎల్ తీయాల్సి వస్తుంది.

2003లో ఫ్రాన్స్‌లో కొన్ని ఎఫ్‌హెచ్ కుటుంబాల్లో మరో జన్యువు చెడినట్టు తెలిసింది. దాని పేరు పీసీఎస్‌కే9. ఈ ప్రోటీన్ ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను పట్టుకుని లోపలికి వెళ్లాక వదలదు. రిసెప్టర్ వెనక్కి రాకుండా దాన్ని కూడా లైసోజోమ్‌కే పంపించేస్తుంది. నూరు సార్లు తిరగాల్సిన బల్లకట్టు కొద్ది రాకపోకలకే మునిగిపోతుంది. ఫ్రాన్స్ కుటుంబాల్లో ఈ ప్రోటీన్ మరీ చురుకుగా ఉంది. దానికి పూర్తి విరుద్ధమైన మనుషులు అమెరికాలో దొరికారు. డాలస్‌లోనే హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లజాతివారిలో 2.6 శాతం మందికి పుట్టుకతోనే ఈ జన్యువు ఒక ప్రతి పనిచేయడం లేదు. వాళ్ల ఎల్‌డీఎల్ మిగతావారికంటే 28 శాతం తక్కువ. పదిహేనేళ్లు గమనిస్తే గుండె ధమనుల జబ్బు 88 శాతం తక్కువ. 28 శాతానికి 88 శాతమా అని ఆశ్చర్యం వేస్తుంది. పుట్టినప్పటి నుంచీ తక్కువగా ఉండటం వల్ల వచ్చిన లాభం అది. ఎఫ్‌హెచ్ పిల్లలను త్వరగా గుర్తించాలని నేను పట్టుబట్టేది ఇందుకే. పీసీఎస్‌కే9ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2015 నుంచి వాడుకలో ఉన్నాయి. మన దగ్గర ధర ఇంకా సామాన్యుడికి భారమే.

ఇప్పుడు మన ఇళ్ల మాట. ఒక జన్యువు చెడిన ఎఫ్‌హెచ్ ప్రపంచంలో సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అరుదైన జబ్బు కాదిది. మనలో మేనమామను, మేనత్త కొడుకును చేసుకునే ఆనవాయితీ ఇంకా ఉంది. ఒకే వంశంలో ఉన్న చెడిన జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే అవకాశం ఇలాంటి పెళ్లిళ్లలో పెరుగుతుంది. అప్పుడు పుట్టే బిడ్డలో నాలుగింట ఒక వంతు అవకాశంతో రెండు ప్రతులూ చెడినవే చేరతాయి. బీరూట్ డాక్టరు చూసింది ఇదే. ఎవరి పెళ్లినీ తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. మేనరికం చేసుకున్న ఇంట్లో ఒకరికి చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే, పిల్లలందరికీ పరీక్ష చేయించండి. నర్సు అమ్మాయిలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. పిల్లల మోచేతులు, మోకాళ్లు, వేళ్ల కణుపులు, పిరుదుల దగ్గర పసుపు రంగు గడ్డలు కనిపిస్తే పులిపిర్లు అనుకుని వదిలేయకండి. పెద్దవాళ్లలో మడమ వెనక స్నాయువు (పిక్క కండను మడమకు కలిపే గట్టి తాడు లాంటిది) దళసరిగా ఉబ్బి ఉంటే, నలభై ఐదు నిండకుండానే నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఉంటే, లిపిడ్ ప్రొఫైల్ రాయమని డాక్టరుకు గుర్తు చేయండి. కొద్ది ఖర్చుతో తేలే పరీక్షను ఎవరూ రాయకపోవడం వల్ల ముప్పై ఏళ్లకే మనిషి పోవడం నాకు భరించలేని విషయం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, అయితే తిండికీ దీనికీ సంబంధం లేదా? గుడ్డు తినొచ్చా?)

సంబంధం ఉంది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే, అంటే నెయ్యి, వెన్న, పామాయిల్, కొబ్బరి నూనె, కొవ్వున్న మాంసం ఎక్కువ తింటే, కాలేయం మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు తగ్గుతాయి. తిండి తన ప్రభావం చూపేది చాలావరకు ఈ దారిలోనే. గుడ్డులోని కొలెస్ట్రాల్ ప్రభావం చాలామందిలో దానికంటే తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకు ఒక గుడ్డు తింటే భయపడాల్సింది లేదు. ఎఫ్‌హెచ్ ఉన్నవాళ్లకు మాత్రం పథ్యం ఒక్కటే చాలదు. "నేను నూనె మానేశాను కదా, మాత్ర ఎందుకు" అని ఆపేస్తే ప్రమాదం. డాక్టరును అడగకుండా ఆపకండి.

(ఒక విద్యార్థి: సన్నగా ఉన్నవాళ్లకు కూడా ఎల్‌డీఎల్ ఎందుకు పెరుగుతుంది సార్?)

ఒంట్లో పేరుకున్న కొవ్వు వేరు, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ వేరు. రిసెప్టర్ల సంఖ్య మనిషి బరువు చూసి పుట్టదు. ఎఫ్‌హెచ్ ఉన్నవాళ్లలో చాలామంది సన్నగానే ఉంటారు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇంకో సంగతి చెబుతాను. అప్పుడే పుట్టిన బిడ్డలో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 30 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. కణాలకు కావలసింది అందడానికి అంత చాలు. మనం నార్మల్ అనుకునే వంద దాని కంటే మూడు రెట్లు ఎక్కువ.

(ఒక తల్లి: మా ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లకే గుండెపోటు వచ్చిందండీ. బాబుకు పన్నెండేళ్లు, పాపకు ఏడేళ్లు. ఇప్పుడే పరీక్ష చేయించాలా, పెద్దయ్యాకా?)

ఇప్పుడే చేయించండమ్మా, ఇద్దరికీ. ముందుగా మీ ఆయన పాత రిపోర్టులు తీయండి. మందులు మొదలుపెట్టక ముందు ఆయన ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే ఎఫ్‌హెచ్‌ను తప్పకుండా అనుమానించాలి. ఆయనకు ఒక జన్యువు చెడి ఉంటే ఒక్కో బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. బాబుకు లేదని తేలినా పాపకు లేదని అర్థం కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆయనకు ఉంటే వాళ్లకూ చెప్పండి. కుటుంబంలో ఇలా ఉంటే రెండేళ్లు దాటిన పిల్లలకు కూడా పరీక్ష చేయొచ్చని అమెరికా పిల్లల వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉందని తేలితే ఎనిమిది, పదేళ్ల వయసు నుంచి స్టాటిన్ మొదలుపెడతారు, పిల్లల్లో అది వాడిన అనుభవం డాక్టర్లకు చాలా ఏళ్లుగా ఉంది. మొదటి పరీక్షకు పిల్లలను పస్తు ఉంచాల్సిన పని కూడా లేదు. టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) ఎక్కువ వస్తే మాత్రం ఇంకోసారి పరగడుపున చేస్తారు. రిపోర్టు చేతికొచ్చాక పిల్లల డాక్టరుకు ఒక మాట తప్పకుండా చెప్పండి, "వీళ్ల నాన్నకు ముప్పై ఎనిమిదేళ్లకే గుండెపోటు వచ్చింది" అని. అది తెలియకపోతే ఆ అంకెను ఆయన మామూలుగానే చూస్తాడు.